పిల్లల కాగితం మీద మాస్టారు చెయ్యి పెట్టాలా?

గోదారి డ్రాయింగ్ మాస్టారు (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. రాజమండ్రికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తున్నాను. సర్వీసు 26 ఏళ్లు. పోయిన వారం మా స్కూలుకి కొత్తగా వచ్చిన టీచరొకరు "పిల్లలకి బొమ్మలు నేర్పడంలో మీరు నమ్మేదేంటి సార్" అని అడిగారు. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఒప్పుకోని చోట నిలదీయండి.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. పిల్లవాడి కాగితం మీద మాస్టారి పెన్సిలు ఆనకూడదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకిది తెలిసింది. ఏడో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న గోదాట్లో ఇసుక పడవ మీద పనిచేసేవాడు. ఒకరోజు "మీ ఇంట్లో వాళ్లు చేసే పని వెయ్యండి" అన్నాను. వాడు కాగితం పైఅంచున పడవ వేశాడు. పడవ పైభాగం లేదు, అడుగు మాత్రం చేప పొట్టలా కనిపిస్తోంది. కింద కాగితమంతా పెన్సిలుతో నల్లగా రుద్దేశాడు. మధ్యలో నిలువుగా ఒక గెడ. "పడవ ఇలా ఉంటుందట్రా" అని నేనే రబ్బరుతో చెరిపేసి తెరచాప, అలలు, పక్కన కొబ్బరిచెట్టు పెట్టి మంచి పడవ వేసిచ్చాను. వాడేం మాట్లాడలేదు.

కొన్ని నెలల తర్వాత వాళ్ల నాన్న స్కూలుకి వస్తే మాటల్లో అసలు సంగతి తెలిసింది. ఆయన గెడ పట్టుకుని నీళ్లలోకి మునిగి, అడుగున ఇసుక బకెట్‌లోకి ఎత్తుకుని పైకి వస్తాడు. రోజంతా అదే పని. ఆదివారాలు కొడుకు కూడా ఆయన పక్కన సరదాగా మునిగేవాడట. వాడు వేసింది నీళ్ల అడుగు నుంచి తలెత్తి చూస్తే కనిపించే పడవ. నేనేమో ఒడ్డున నిలబడి చూసే పడవ తప్ప ఇంకోటి ఎరగను.

ఆ బొమ్మ మళ్లీ వెయ్యమని బతిమాలాను. "గుర్తు లేదు సార్" అన్నాడు.

అప్పట్నుంచి నా చేతిలో ఒక పలక ఉంటుంది. ఎవరికైనా గీసి చూపించాల్సి వస్తే దాని మీదే గీసి, చూపించి, చెరిపేస్తాను. వాళ్ల కాగితం ముట్టుకోను. "బాగుంది" అని కూడా అనను. "ఇక్కడేం జరుగుతోందో చెప్పు" అంటాను.

కొండలు, మధ్యలో సూర్యుడు, ఏరు, గుడిసె ఉన్న సీనరీ మనందరికీ తెలిసిందే. కొన్నాళ్లు కోనసీమలో పనిచేశాను. అక్కడ ఎటు చూసినా కొండ ఉండదు. అయినా "మీ ఊరు వెయ్యండి" అంటే సగం మంది రెండు కొండలతోనే మొదలుపెట్టేవాళ్లు. వద్దని ఎప్పుడూ అనలేదు. "ఈ కొండ మీ ఇంటికి ఎటువైపు? ఎక్కావా?" అని అడిగేవాణ్ని. వారం పది రోజులకి కొండల చోట కొబ్బరి పీచు గుట్టలు వచ్చేవి. పీచు గుట్ట మీద మేక ఎక్కి నిలబడేది.

రిజిస్టర్లో మార్కులు వెయ్యక తప్పదు, వేస్తాను. కాగితం మీద మాత్రం తారీఖే వేయిస్తాను. 25 కేజీల బియ్యం సంచి కత్తిరించి ఒక్కొక్కరికీ ఫైలు కుట్టించాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వేసినవన్నీ అందులోనే. పక్కవాడితో పోల్చుకోవడం మానాలంటే తన పాత బొమ్మ తన చేతిలో ఉండాలని నా నమ్మకం.


కూకట్‌పల్లి అమ్మ (శనివారం, రాత్రి 10:25)

మాస్టారూ, పడవ సంగతి చదివాక మా బాబు గుర్తొచ్చి మనసు ఒకలా అయిపోయింది. వాడికి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా ఆదివారం ఆర్ట్ క్లాసుకి పంపిస్తున్నాం. పోటీల్లో మూడు ప్రైజులు వచ్చాయి. కానీ ఆ బొమ్మల్లో ముఖాలు, అంచులు అన్నీ అక్కడి టీచరు దిద్దినవే. నాకు చూస్తేనే తెలిసిపోతుంది. ఇప్పుడు ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు "ఏదైనా బొమ్మ వెయ్యి నాన్నా" అంటే "ఫోన్లో ఫొటో పెట్టు, చూసి వేస్తా" అంటాడు. ఫొటో లేకపోతే పెన్సిలు పట్టుకోడు. మూడేళ్లప్పుడు గోడంతా గీసిన పిల్లాడండీ వీడు. క్లాసు మాన్పించాలా? ఏం చెయ్యమంటారు?


ఆదివారం రంగులు (ఆదివారం, ఉదయం 6:50)

నేను అలాంటి క్లాసే నడుపుతాను, వేరే ఊళ్లో. పైన అమ్మగారి బాధ నిజమే. మా వైపు సంగతి కూడా వినండి. 20 మంది పిల్లలు, గంట సమయం. పిల్లాడు సగం బొమ్మతో బయటికొస్తే "ఈ రోజు ఏం నేర్పారు?" అని గుమ్మం దగ్గరే అడుగుతారు. నెల తిరిగేసరికి మానేస్తారు. అందుకే చివరి పది నిమిషాలు నేనే అందరి బొమ్మలూ దిద్దుతాను. ఇష్టపడి చేసే పని కాదది.

ఇంకో మాట. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి కూడా పిల్లల్ని తయారు చేస్తాను. ఆ సర్టిఫికెట్ మీద రేపు ఉద్యోగం ఆధారపడినవాళ్లుంటారు. వాళ్లకి ఎదురుగా పెట్టిన చెంబు చెంబులా రావాలి. "నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి" అంటే వాళ్లకి అన్యాయం చేసినట్టే కదా మాస్టారూ?


గోదారి డ్రాయింగ్ మాస్టారు (ఆదివారం, ఉదయం 8:15)

ఇష్టం వచ్చినట్టు వెయ్యమని నేనూ అననండి. చెంబు చెంబులా రావాల్సిందే. నా దగ్గర ఎనిమిదో తరగతికి వచ్చాక నెలకి రెండు పీరియడ్లు వంకాయ, స్టీలు గ్లాసు, మట్టి ముంత ముందు పెట్టి చూసి వేయిస్తాను. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎక్కడ చిక్కగా ఉంది, గ్లాసు మూతి గుండ్రంగా ఉన్నా మన కంటికి కోడిగుడ్డు ఆకారంలో ఎందుకు కనిపిస్తుంది, ఇవన్నీ చెప్తాను. బోర్డు మీద వేసి చూపిస్తాను. వాళ్లు మొదలుపెట్టే ముందు బోర్డు తుడిచేస్తాను. ఉంచితే గ్లాసు వైపు చూడరు, నా బొమ్మ వైపే చూస్తారు.

గుమ్మం దగ్గర అడిగేవాళ్ల కోసం ఒకటి చేసి చూడండి. సగం బొమ్మనే ఇంటికి పంపండి. వెనక పిల్లాడి చేత ఒక్క వాక్యం రాయించండి, "ఈ రోజు నేను చూసింది ఇది" అని. పెద్దవాళ్లకి చేతిలో ఏదో ఒకటి కనిపించాలి, అంతే.

కూకట్‌పల్లి అమ్మా, క్లాసు వెంటనే మాన్పించకండి. మాన్పిస్తే తన వల్లే ఏదో తప్పు జరిగిందనుకుంటాడు. ఇంట్లో ఒక ఆట ఆడించండి. గుడ్డ సంచిలో ఒక కాకరకాయ వెయ్యండి. చూడకూడదు. చెయ్యి లోపల పెట్టి తడుముతూ రెండో చేత్తో వెయ్యాలి. ఫోన్లో ఫొటోకి చోటే లేదు. మీరూ పక్కన కూర్చుని వెయ్యండి. వాడు వేసింది మాత్రం దిద్దకండి.


లెక్కల టీచరమ్మ (ఆదివారం, ఉదయం 11:05)

డ్రాయింగ్ సార్‌కి ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. పదో తరగతి సిలబస్ అవ్వడం లేదని మా స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ అడిగి తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్లు తీసుకున్నాను.

ఒక సంక్రాంతి ముందు ఆడపిల్లలు గ్రౌండులో ముగ్గు ప్రాక్టీసు చేస్తున్నారు. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. శ్రేఢులంటే వణికిపోయే అమ్మాయే అందరికీ చుక్కలు పెడుతోంది, ఒక్కటి కూడా తప్పకుండా. "మొత్తం ఎన్ని చుక్కలే?" అని అడిగాను. తెలీదంది. కూర్చుని లెక్కేశాం. మధ్య వరస 15, పైకి 14 నుంచి 8 దాకా, కిందకీ అంతే. మొత్తం 169. అంటే 13 వర్గం. ఆ అమ్మాయి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఆ పీరియడ్ అడగడం మానేశాను. ఆ అమ్మాయికి లెక్కల్లో వందేమీ రాలేదు. కానీ తర్వాత క్లాసులో చెయ్యెత్తి డౌటు అడిగేది.


నకాషీ ఇంటబ్బాయి (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

నమస్తే సార్. మాది చేర్యాల పటాలు, అంటే పొడుగు గుడ్డ మీద కథలు బొమ్మలుగ వేసే నకాషీల ఇల్లు. మీరు చెప్పిన మొదటి మాటనే నేను ఒప్పుకోలేకపోతున్న. ఏమీ అనుకోవద్దు.

నాకు ఆరేళ్లప్పుడు మా బాపు నా చేతి మీద చెయ్యి పెట్టి కుంచె తిప్పించిండు. మా దగ్గర అదే చదువు. మొదట గుడ్డకు పూత వెయ్యాలె. సుద్ద, జిగురు, చింతగింజల అంబలి కలిపి ఒక పూత ఆరినంక ఇంకోటి. అది కొన్నేళ్లు. తర్వాత వెనక ఎర్ర రంగు నింపుడు. తర్వాత అంచుల పూలు. ముఖాలు, కండ్లు వెయ్యనిచ్చేసరికి నాకు మీసాలొచ్చినయి. తప్పు గీస్తే బాపు నా గీత మీదనే తన గీత గీసేటోడు. ఆ గీతలు చూసే నేర్చుకున్న. చెయ్యి పెట్టకపోతే మా విద్య ఎప్పుడో పోయేది.

మా పటం మా ఒక్కరిది కాదు. పద్మశాలీల మార్కండేయ పురాణం పటం వేస్తే దాన్ని ముందు పెట్టుకుని కూనపులివాళ్లు రాత్రంతా కథ చెప్తరు. బొమ్మ చూడంగనే ఇది ఎవరు, ఏ ఘట్టం అని వాళ్లకూ, వినేటోళ్లకూ తెలియాలె. నేను నా ఇష్టం వచ్చినట్టు మార్కండేయుణ్ని వేస్తే కథ ఆగిపోతది. మరి మాకు సృజన లేదంటరా?


గోదారి డ్రాయింగ్ మాస్టారు (ఆదివారం, రాత్రి 8:50)

తమ్ముడూ, మధ్యాహ్నం నుంచి నీ మాటే ఆలోచిస్తున్నాను. సృజన లేదనే మాట నా నోట రాదు. ఒకటి అడగనా? మీ బాపు తను నేర్చుకున్నది కాకుండా కొత్తగా ఏమైనా వేశారా? వేస్తే ఏ వయసులో?


నకాషీ ఇంటబ్బాయి (ఆదివారం, రాత్రి 9:35)

వేసిండు సార్. కథ చెప్పేటోళ్లు తగ్గి పటాలు అడిగేటోళ్లు లేకుండ అయినంక. పొడుగు పటం చిన్న బొమ్మలుగా మారింది. బతుకమ్మ ఆడేటోళ్లు, కల్లు గీసేటాయన, నాట్లేసే ఆడోళ్లు, ఇవన్నీ అప్పుడే మొదలుపెట్టిండు. అప్పటికి బాపుకు నలభై దాటినయి. ఎర్ర రంగు అదే, కండ్లు అవే. మనుషులు మాత్రం మా ఊరోళ్లు. నేర్చుకున్న చెయ్యి గట్టిగ ఉంది కాబట్టే కొత్తది వెయ్యగలిగిండని నేననుకుంటున్న.


బీఎడ్ మేడమ్ (సోమవారం, ఉదయం 7:20)

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో మేం చెప్పే విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుందేమో. ఆస్ట్రియాలో పుట్టి తర్వాత అమెరికాలో పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా బోధకుడు పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో వివరంగా రాశాడు. సుమారు తొమ్మిదేళ్ల నుంచి పిల్లలకి "ఉన్నది ఉన్నట్టు రావాలి" అనే పట్టుదల మొదలవుతుంది. చెయ్యి అంత దూరం రాదు. అప్పుడే చాలామంది "నాకు రాదు" అని పెన్సిలు కింద పెట్టేస్తారు.

ఆయన వియన్నాలో అంధ బాలలతో కూడా పనిచేశాడు. కొందరు కంటితో చూసింది వేస్తారని, కొందరు ఒంటితో అనుభవించింది వేస్తారని అక్కడి నుంచే ఆయన ఆలోచన సాగింది. మాస్టారు చెప్పిన ఇసుక పడవ అబ్బాయి రెండో రకం అనిపిస్తోంది. నీళ్లలో ఊపిరి బిగబట్టిన పిల్లాడికి పడవంటే తలమీద ఉన్న ఆ అడుగే.


డాలస్ నాన్న (సోమవారం, ఉదయం 9:45)

మేడమ్ గారూ, మా అమ్మాయి విషయంలో సరిగ్గా మీరు చెప్పినట్టే జరిగింది. ఇక్కడి స్కూల్లో ఎవరూ దిద్దలేదు. ఏది వేసినా మెచ్చుకున్నారు, గోడకి అంటించారు. పదేళ్లు వచ్చేసరికి తనే ఆపేసింది. "నా గుర్రం గుర్రంలా లేదు నాన్నా" అని ఏడ్చింది. నేను "బ్రహ్మాండంగా ఉంది తల్లీ" అన్నాను. తను నమ్మలేదు. అబద్ధం చెప్తున్నానని తెలిసిపోయింది. కాబట్టి మాస్టారూ, చెయ్యి పెట్టకపోవడం ఒక్కటే సరిపోదేమో. ఆ రోజు గుర్రం మెడ ఎలా తిరుగుతుందో చూపించే మనిషి తనకి కావాల్సింది. నాకు చేతకాలేదు.


2011 బ్యాచ్ (సోమవారం, రాత్రి 10:10)

మాస్టారూ, మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. పేరు ఇక్కడ రాయను. పలక, బియ్యం సంచి చూడగానే మీరేనని తెలిసింది. నా సంచి ఇంకా మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది.

నేను ఆర్టిస్టుని కాలేదు సార్. విశాఖపట్నంలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మీరు ఒకే పెన్సిలుతో తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది గళ్లు నింపమనేవారు, ఏ రెండూ ఒకేలా ఉండకూడదని. విసుగొచ్చేది. ఇప్పుడు రోజూ నా పని ఆ బూడిద రంగుల మధ్యే. ఫిల్ములో ఒక గీత పక్క గీత కన్నా కొంచెం పలచగా ఉంటే నా కన్ను అక్కడ ఆగుతుంది. అది మీరు పెట్టిన కన్ను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పలేదు. పద్నాలుగేళ్లప్పుడు నాకు మీ నోట "బాగుంది" అన్న ఒక్క మాట వినాలని ఎంత ఉండేదో. మా ఇంట్లో అనేవాళ్లు లేరు. మీరు ప్రతిసారీ "ఇక్కడేం జరుగుతోంది" అనే అడిగేవారు. నేను చెప్పేదాన్ని. మీరు వినేవారు. ఇంటికెళ్లి, బాగుందో లేదో తెలీక ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చూసుకునేదాన్ని. మీ మీద కోపం కాదు సార్.


గోదారి డ్రాయింగ్ మాస్టారు (మంగళవారం, ఉదయం 5:30)

అమ్మా, నీ ఉత్తరం రాత్రి చదివాను. నిద్ర పట్టలేదు. "బాగుంది" అంటే పిల్లలు దాని కోసమే వేస్తారని భయపడ్డాను. ఇంట్లో ఆ మాట అనేవాళ్లు లేని పిల్లలు కూడా నా ముందు కూర్చున్నారని ఆలోచించలేదు. ఇది నా పొరపాటు. నీ బొమ్మలు బాగుండేవి తల్లీ. మాట వరసకి అనడం లేదు. తొమ్మిది గళ్లు నిజంగా తొమ్మిదిగా నింపేవాళ్లు ఏ తరగతిలోనైనా ఇద్దరు ముగ్గురే ఉంటారు.

మా రాజమండ్రిలో ఒక సంగతి తరచు తలుచుకుంటాను. చిత్రకారులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు చదువుకునే రోజుల్లో ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్. ఆయన చెప్పింది ఇంగ్లిషు, డ్రాయింగ్ కాదు. స్వయంగా బొమ్మలు వేసేవాడు, కుర్రవాళ్లలో ఉన్నది చూడగలిగాడు, చూసి ఊరుకోలేదు. రామారావు బొంబాయిలో బొమ్మలు నేర్పే జేజే స్కూలుకి వెళ్లడం వెనక ఆయన ప్రోత్సాహం ఉంది. రామారావు నేర్చుకుని తిరిగొచ్చి ఇక్కడే బడి పెట్టి తోటివారికి నేర్పాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులయ్యారు. 1925లో పోయేనాటికి ఆయనకి ఇంకా 28 నిండలేదు. ఊళ్లో ఆయన పేరు మీదున్న గ్యాలరీకి ఏటా పిల్లల్ని తీసుకెళ్తాను. ఇన్నాళ్లూ నేను ఆ కథలో "కూల్డ్రే వాళ్ల కాగితం ముట్టుకోలేదు" అన్నదే చూశాను. నీలో ఇది ఉంది అని నోరు తెరిచి చెప్పాడన్నది చూడలేదు.

నకాషీ తమ్ముడి మాట, డాలస్ నాన్నగారి మాట కలిపి చూశాక ఈ వారం నుంచి ఒక మార్పు చేస్తున్నాను. రెండు కాగితాలు ఇస్తాను. ఒకటి సాధన కాగితం. పాత నోటు పుస్తకాల వెనకవైపు చాలు. దాని మీద గుర్రం మెడ ఎలా తిరుగుతుందో నేనూ గీస్తాను, చెయ్యి పట్టి గీయిస్తాను, తప్పు పక్కన ఒప్పు గీస్తాను. రెండోది సొంత కాగితం, తారీఖు వేసేది. దాని జోలికి మాత్రం వెళ్లను. తమ్ముడూ, మీ బాపు నీ గీత మీద గీసిన గీతలు సాధన కాగితం మీదివే. బతుకమ్మ బొమ్మ ఆయన సొంత కాగితం. మీ ఇంట్లో ఆ రెండింటి మధ్య పాతికేళ్లకి పైగా పట్టింది. నా దగ్గర పిల్లలుండేది ఐదేళ్లే. అందుకే రెండూ ఒకేసారి ఇవ్వక తప్పదు.


నకాషీ ఇంటబ్బాయి (మంగళవారం, ఉదయం 8:00)

ఇది ఒప్పుకుంటున్న సార్. మా బిడ్డకు ఏడేండ్లు. పూత పని నేర్పిస్తున్న. ఈ రోజు ఒక చిన్న గుడ్డ ముక్క తనకే ఇచ్చిన, నేను చూడనని చెప్పి.


ఆదివారం రంగులు (బుధవారం, రాత్రి 9:15)

చివరి పది నిమిషాల దిద్దుడు ఈ వారం ఆపుతున్నాను. వెనక వాక్యం రాయిస్తాను. ఇద్దరు ముగ్గురు మానేసినా పర్వాలేదని మా ఆవిడ కూడా అంది.


కూకట్‌పల్లి అమ్మ (ఆదివారం, సాయంత్రం 6:40)

మాస్టారూ, కాకరకాయ ఆట ఆడాం. మొదట చెయ్యి పెట్టి "మొసలి" అని అరిచాడు. వేసింది కూడా మొసలి వీపే. నేను వేసింది చూసి "అమ్మా, నీది చాలా నున్నగా ఉంది, సరిగ్గా తడమలేదు" అన్నాడు. తర్వాత వాడే వంటింట్లోకి వెళ్లి సంచిలో ఏదో వేసి తెచ్చాడు. అల్లం కొమ్ము. వాళ్ల నాన్న చేత వేయించాడు. ఫోను అడగలేదు.

పెన్సిలు సన్నగా ఉంది, ఇంకా నల్లగా, లావుగా వచ్చేది కావాలంటున్నాడు. మీ స్కూల్లో ఏం వాడతారు?


గోదారి డ్రాయింగ్ మాస్టారు (ఆదివారం, రాత్రి 8:05)

బొగ్గు ఇవ్వండమ్మా. కొనక్కర్లేదు. కలంకారీ వాళ్లు గుడ్డ మీద మొదటి గీతలు చింత బరికెల బొగ్గుతోనే గీస్తారు. మేమూ స్కూల్లో అదే చేసుకుంటాం. వేలి లావు చింత బరికెలు ఎండినవి తీసుకుని, తోలు గీకి, జానెడు ముక్కలు చెయ్యండి. మూతున్న రేకు డబ్బాలో నిలువుగా, కదలకుండా బిగించి పేర్చండి. మూతకి మేకుతో ఒక చిన్న చిల్లు చాలు. ఆరుబయట కట్టెల మంట మీద పెట్టండి. చిల్లులోంచి మొదట తెల్లటి పొగ వస్తుంది. అది ఆగిపోగానే మంట మీంచి దించి, చిల్లు తడిమట్టితో మూసెయ్యండి. పిల్లాణ్ని దూరంగా కూర్చోబెట్టండి. డబ్బా పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకండి, వాడు ఎంత తొందరపెట్టినా సరే. వేడి మీద తీస్తే గాలి తగిలి బూడిదైపోతుంది. రాత్రి చేసి పెట్టుకుంటే పొద్దున్నకి తయారు.